చూపుడు వేలు చెప్పిన అబద్ధం

"ఏం వాయిస్తారండీ?"

బస్సు పాత వంతెన మీద కుదుపుల్లో ఉండగా పక్క సీటాయన అడిగిన మాట ఇది. అడిగి, అందరూ స్తంభం అని పిలిచే మనిషి ఒళ్ళో ఉన్న నల్ల పెట్టె వైపు గడ్డంతో చూపించాడు. పెట్టె మూరెడు పొడవుంది, మూలలకి ఇత్తడి తొడుగులున్నాయి. చూసినవాళ్ళు అందులో పిల్లనగ్రోవో మరోటో ఉందనుకుంటే అది వాళ్ళ తప్పు కాదు.

"ఏమీ వాయించను," అన్నాడు స్తంభం.

"మరి అంత పదిలంగా పట్టుకున్నారే! చంటిపిల్లని కూడా ఎవరూ అలా పట్టుకోరు."

స్తంభం ముందుకి చూశాడు. నాలుగు సీట్ల అవతల, కిటికీ పక్కన, అక్క కూర్చుని ఉంది. వెనక కూర్చుంటే ఆవిడకి కడుపులో తిప్పుతుంది, అందుకని ఎప్పుడు బస్సెక్కినా ముందుకే పోతుంది. ఇక్కణ్ణుంచి ఆవిడ మెడ వెనక భాగం మాత్రమే కనిపిస్తోంది. నెరిసిన ముడి, దాని కింద బిగువు తప్పిన చర్మం, ముడికి అందని కాసిని వెంట్రుకలు గాలికి అటూ ఇటూ కదులుతూ. బస్సెక్కినప్పటి నుంచీ అతను ఆ బెత్తెడు చోటుని తప్ప దేన్నీ చూడలేదు. కావాలని కిటికీ వైపు తిరిగినా, నాలుక పుచ్చు పన్ను దగ్గరికి పోయినట్టు చూపు మళ్ళీ అక్కడికే పోయేది.

స్తంభం అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. వాళ్ళు పెట్టింది దుకాణం బోర్డు మీద ఉంది, అక్కడే ఉండిపోయింది. షూటింగ్ హాల్లో ఒకసారి అతను పిస్టల్ చాపి గురి చూస్తుండగా ఎటునుంచో ఒక తూనీగ వచ్చి మణికట్టు మీద వాలిందట, అతను కాల్చేదాకా లేవలేదట. చూసినవాళ్ళు పెట్టిన పేరు అది. మొదట్లో వేళాకోళం, తరవాత మర్యాద. ఇప్పుడు ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే అతను కుడిచెయ్యి వెనక్కి దాచుకుంటాడు.

"చెప్పకపోతే పోనీలెండి," అన్నాడు పక్కాయన. బస్సుల్లో ఇలాంటి వాళ్ళు ఎక్కడికి పోయినా ఉంటారు. వాళ్ళకి మౌనం అంటే ఖాళీ సీటు, దాన్లో ఎవరో ఒకరు కూర్చోవలసిందే. "నాకెలాగూ వాయించే యోగం లేదు." కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. బొటనవేలుంది, చిటికెనవేలుంది. మధ్యలో మూడూ లేవు. "రంపం మిల్లులో పని. బల్లలు కొయ్యమంటే వీటిని కూడా కోశాను. పనిమంతుణ్ణి కదా!"

స్తంభం నవ్వబోయి ఆపుకున్నాడు.

"నవ్వండి, నవ్వండి. మా వీధిలో పిల్లలు నన్ను ఏమంటారో తెలుసా? పీత మావయ్య." రెండు వేళ్ళూ పటకారులా ఆడించి చూపించాడు. "నొప్పి ఎప్పుడో పోయింది. దురదే చంపుతోంది. లేని వేళ్ళకి దురదండీ! గోకుదామంటే గాలి తప్ప ఏమీ ఉండదు. అవునూ, ఇంత ఎండలో మీరు చేతికి తొడుగు వేశారేంటి?"

"గాజు కోసింది."

"వేలుందా, పోయిందా?"

"ఉంది. దేన్ని ముట్టుకున్నదీ దానికి తెలీదు."

పీత మావయ్య చిల్లర సరిగ్గా ఇచ్చారా లేదా అని చూసుకునేవాడిలా మొహం పెట్టాడు. "అయితే నాదే నయం," అన్నాడు చివరికి. "నాకు లేని వేళ్ళు ఉన్నట్టుంటాయి. మీకు ఉన్న వేలు లేనట్టుంటుంది. లేదని తెలుసు కాబట్టి నావాటిని నమ్ముకుని నేను ఏ పనీ చెయ్యను."

అప్పుడే అక్క వెనక్కి తిరిగి బస్సంతా వినపడేలా అరిచింది: "తమ్ముడూ! తొడుగు తియ్యకు, కిటికీ గాలి తగులుతుంది!"

"సరేనక్కా," అన్నాడు స్తంభం. ఆవిడ మొహం అటు తిరిగిపోయింది. మళ్ళీ మెడ.

*

అద్దాలు కోయడం అతని పని. వీధిలోకి రెండు తలుపులు, లోపలికి సొరంగంలా పొడుగు, అంతే దుకాణం. గోడల పొడుగునా చెక్క అరల్లో అద్దాలు నిలువుగా నిలబడి ఉంటాయి, మధ్యలో పాత కంబళి పరిచిన బల్ల. అద్దం కోయడం అంటారుగాని, నిజానికి అది కోయడం కాదు. గీత గీసి, ఆ గీత వెంటే విరగమని బతిమాలుకోవడం. విరిగాక అంచు సరిగ్గా వచ్చిందా లేదా అన్నది చూసి తెలుసుకునేది కాదు. కంటికి అందని పెచ్చు వేలికి అందుతుంది. అతను కుడి చూపుడు వేలు కొసతో, ఊపిరి తాకినంత తేలిగ్గా, అంచు పొడుగునా రాసేవాడు. ఆ వేలు బాగుందంటే బాగున్నట్టు. కళ్ళకి అతను అంత విలువ ఇవ్వలేదెప్పుడూ. అద్దాలమ్మేవాడికి కళ్ళు ఎంత మోసపోతాయో తెలియకుండా ఉంటుందా?

షూటింగ్ వైపు వచ్చింది కూడా అద్దం వల్లే. నడివయసులో ఉండగా ఒక ఆదివారం, ఊరి చివర పాత గోదాములో పగిలిన కిటికీ అద్దం వెయ్యడానికి పోయాడు. లోపల కొందరు ఒక చెయ్యి చాపి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, వరసగా కొయ్యబొమ్మల్లా నిలబడి ఉన్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. అద్దం బిగించి, పుట్టీ నొక్కి, సామాను సర్దుకుని కూడా అతను అక్కడే నిలబడిపోయాడు. ఆ హాలు నడిపేది రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన దగ్గరికొచ్చి, "ఊరికే చూస్తే ఏం తెలుస్తుంది, పట్టుకు చూడండి," అని పిస్టల్ చేతిలో పెట్టాడు. గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ పిస్టల్. కందిగింజంత సీసపు పెల్లెట్‌ని కాయితం మీది నల్ల చుక్కలోకి కొడుతుంది. అందులో విద్య అంతా ట్రిగ్గర్ దగ్గరే ఉంది. దాన్ని లాగకూడదు. లాగుతున్నానన్న సంగతి మనకే పూర్తిగా తెలియకుండా వేలు దగ్గరికి రావాలి. ఆ తెలిసీ తెలియకపోవడం అంతా వేలి కొసలో ఉంటుంది. స్తంభానికి అది పుట్టినప్పటి నుంచీ వచ్చిన విద్యలా వచ్చేసింది.

ఒక్క విషయంలో మాత్రం మాస్టారు మాట వినలేదు. అందరూ కుడిచేత్తో పిస్టల్ పట్టుకుని, ఎడంచేత్తో పెల్లెట్ పెడతారు. ఇతను పిస్టల్‌ని బల్ల మీద ఆనించి ఎడంచేత్తో పట్టుకుని, కుడి చూపుడు వేలితోనే పెల్లెట్‌ని గొట్టం మొదట్లో ఉండే గాడిలోకి నొక్కేవాడు. గాడి ఖాళీగా ఉందా లేదా అన్నది కూడా ఆ వేలితో తడిమే చూసుకునేవాడు.

"ఎడంచెయ్యి ఏం పాపం చేసిందండీ? కళ్ళేం పాపం చేశాయి?" అనేవాడు మాస్టారు.

"నా వేలు అబద్ధం చెప్పదు మాస్టారూ."

పోయినేడు చలికాలంలో ఒకరోజు అక్క దుకాణానికి భోజనం తెచ్చింది. ఆవిడ భర్త పోయాక తమ్ముడింటికి వచ్చేసింది. ఇతను పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరూ ఒకరి నసకి ఒకరు అలవాటు పడి బతుకుతున్నారు. ఆవిడ క్యారేజీ బల్ల మీద పెట్టి, "కూర చల్లారిపోతుంది, రా," అంటూండగా అరలో నుంచి బీరువా అద్దమొకటి జారింది. జారే అద్దాన్ని వదిలెయ్యాలి. దుకాణంలో పనికి చేరిన ప్రతివాడికీ అతను మొట్టమొదట చెప్పే మాట అదే. కానీ అది జారుతున్నది అక్క పాదాల మీదికి. పట్టుకున్నాడు.

అరచేతిలో చూపుడు వేలి మొదట్లో తెగింది. డాక్టరు నరాన్నీ, వేలిని ముడిచే స్నాయువునీ కలిపి కుట్టాడు. నరం వెంట్రుక పెరిగినంత నెమ్మదిగా పెరుగుతుందన్నాడు, కొసదాకా రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఈలోగా చెయ్యి కదిపితే వేలు తనంతట తనే కాస్త ముడుచుకోవచ్చు, కంగారు పడొద్దన్నాడు. బొత్తాలో చిక్కుడు గింజలో ఏవో చిన్నచిన్నవి తీస్తూ పెడుతూ ఉండమన్నాడు.

అప్పటి నుంచీ అక్కకి ఒకటే పని దొరికింది. సాయంత్రం కాగానే తన పేము కుర్చీలో కూర్చుని, తమ్ముణ్ణి ఎదురుగా పీట మీద కూర్చోబెట్టుకుని, గోరువెచ్చటి నూనెతో ఆ వేలిని రుద్దేది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది: "నా కాలి మీద పడేదాన్ని వీడు చేత్తో పట్టుకున్నాడమ్మా. నేను బతికున్నన్నాళ్ళూ రుద్దుతాను. మాట వినకపోతే ఆ వేలు ఎక్కడికి పోతుంది?"

*

స్తంభం బొత్తాలు ముట్టుకోలేదు. దానికి బదులు పెల్లెట్లు తీసుకున్నాడు. ఆ మొద్దుబారిన వేలితో ఒక పెల్లెట్ ఎత్తడం, పిస్టల్ గాడిలో కూర్చోబెట్టడం, పుల్లతో బయటికి తియ్యడం, మళ్ళీ ఎత్తడం. సగం చేతిలో నుంచి జారిపోయేవి. ఒకరోజు ఒకటి అలాగే పోయింది. వేలి కింద ఉందనుకున్నాడు, చూస్తే లేదు. గాడిని తడిమి చూశాడు, ఖాళీ. చాప దులిపాడు, మంచం కింద పాకాడు.

"ఏం పారేసుకున్నావురా, ముత్యమా?" అంది అక్క.

"పెల్లెటక్కా. కింద పడింది."

"చీపురుకే దొరుకుతుందిలే. లే, మోకాళ్ళు అరిగిపోతాయి."

చీపురుకి దొరకలేదు. అది కింద పడలేదు. వేలు దాన్ని గాడిలోకే నొక్కింది, నొక్కిన సంగతి అతనికి చెప్పలేదు. తరవాత తడిమి, ఖాళీ అని చెప్పింది.

మర్నాడు సాయంత్రం అతను పిస్టల్ తీశాడు. పిస్టల్ పక్కనుండే మీటని లాగితే లోపల గాలి బిగుస్తుంది. ఆ లాగడం చేతికి మంచి కసరత్తు. పెల్లెట్ లేకుండా కాలిస్తే ఉఫ్‌మని గాలి పోతుంది, అంతే. గోడ మీద చాలా కాలంగా ఒక నల్ల కాయితపు చుక్క అంటించి ఉంది. అక్క పేము కుర్చీ సరిగ్గా దాని కిందే. ఆవిడ ఒళ్ళో గిన్నె పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది. పిస్టల్ ఖాళీదైనా సరే, మనిషి ఉన్నవైపు చాపకూడదని మాస్టారు మొదటిరోజే చెప్పాడు. అందుకే అన్నాళ్ళూ ఆవిడ లేచి అవతలికి వెళ్ళేది.

"లేవనా?" అంది.

ఒళ్ళో గిన్నె, తొక్కలు, గింజలు చూశాడు. మీట లాగి, గాడిలో వేలు పెట్టి తడిమాడు. "అక్కర్లేదక్కా. ఖాళీదే."

చెయ్యి చాపాడు. చుక్క అక్క తలకి పైన ఉంది. వంటింట్లో సుయ్‌మని పాలు పొంగాయి. "అయ్యో!" అంటూ ఆవిడ గిన్నెతో సహా పరిగెత్తింది. అతను చెయ్యి దించుతున్నాడు. వేలు ట్రిగ్గర్ మీద లేదనే అనుకున్నాడు.

ఉఫ్‌మంది. వెంటనే ఇంకో చప్పుడు, టప్‌మని, సున్నంలో మేకు దిగినట్టు.

కుర్చీ వెనకవైపు పేము బద్ద ఒకటి తెగి, కొస పైకి లేచి, ఊగుతోంది. దాని వెనక గోడకి చిన్న చిల్లు. చిల్లులో నుంచి సున్నం సన్నటి ధారగా రాలుతోంది. బద్ద తెగిన చోటు ఏదో అతనికి కొలవక్కర్లేదు. అక్క వెనక్కి ఆనుకుని కూర్చుంటే మెడ ఆనేది అక్కడే. ఎయిర్ పిస్టల్‌తో ఎవరూ చావరంటారు. అలా అనేవాళ్ళు ఆ చిల్లు చూడలేదు.

"ఏం పడిందిరా?" వంటింట్లో నుంచి అరిచింది అక్క.

"డబ్బా."

"నువ్వు డబ్బాలు పడేస్తూ ఉండు, ఇక్కడ పాలన్నీ స్టవ్ తాగేసింది!"

తిట్టుకుంటూ వచ్చి, మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది. వెనక్కి ఆనుకుంది. బఠాణీలు ఒలవసాగింది. అతను ఎంతసేపు నిలబడ్డాడో అతనికి తెలియదు.

చిల్లుని మర్నాడు దుకాణం పుట్టీతో పూడ్చి, సున్నం రాశాడు. తెగిన బద్దని ఏం చెయ్యాలో ఆలోచించేలోపే అది అక్క మెడకి గుచ్చుకున్నట్టుంది. పాత దుప్పటి ముక్కతో చిన్న దిండు కుట్టి కుర్చీ వెనక కట్టుకుంది. ఎలా తెగిందని అడగలేదు. ఆ అడగకపోవడం అతన్ని పట్టుకుంది. తెలిసి అడగలేదా? పేము అన్నాక తెగుతుందని ఊరుకుందా? ఆవిడ మొహంలో వెతికితే బఠాణీలూ, కూరలూ, వేలూ తప్ప ఏమీ కనిపించేది కాదు.

రోజూ సాయంత్రం ఆవిడ ఆ దిండుకి మెడ ఆనించి, అతని చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, ఆ వేలినే రుద్దుతుంది. ఆవిడ మాట్లాడుతూంటే అతనికి వినపడేది వేరు. మాటల వెనక, ఇంకా వెనక, టప్. కొన్నిసార్లు కుర్చీలో ఆవిడ ఉండగానే అది ఖాళీగా కనిపిస్తుంది. దుకాణంలో నిలబెట్టిన అద్దాల్లో వరసగా ఆ కుర్చీయే కనిపించి, దగ్గరికి పోతే తన మొహంగా మారుతుంది. పాలు ఒక్క నిమిషం ఆలస్యంగా పొంగి ఉంటే? సన్నమంట మీద పెట్టి ఉంటే? ఈ ఆలోచన ఎక్కడిదాకా పోయిందంటే, పొద్దు వాలే వేళకి అతను నీళ్ళ కోసమని వంటింట్లోకి వెళ్ళి, అక్క చూడకుండా పాల కింద మంట పెంచేవాడు. అవి త్వరగా పొంగాలి. ఆవిడ ఆ కుర్చీలో నుంచి లేవాలి.

"ఈ స్టవ్‌కి దెయ్యం పట్టిందిరా," అంది ఒకరోజు అక్క. "పెట్టీ పెట్టగానే పాలు పొంగిపోతున్నాయి."

పోయినవారం మాస్టారు ఇంటికొచ్చాడు. రెండు హాళ్ళ మధ్య పోటీ, జట్టుకి ముగ్గురు కావాలి, మూడోవాడు లేడు. "స్తంభం గారు లేకపోతే మన హాలు కూలిపోతుందండీ," అన్నాడు నవ్వుతూ. స్తంభం నోరు విప్పేలోపే అక్క అందుకుంది: "వస్తాడు! ఎన్నాళ్ళు రుద్దాను నేను! చూడ్డానికి నేనూ వస్తాను." వద్దనాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పాలంటే ఆ కుర్చీ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. చెప్పకుండా వెళ్ళి కాలిస్తే, ఆ సాయంత్రం అసలు జరగనే లేదని ఒప్పుకున్నట్టు. చెబితే, అద్దాన్ని పట్టుకున్న తమ్ముడు అక్కకి ఇక ఉండడు. ఆ రెంటి మధ్యా ఇరుక్కుని అతను పెట్టె తీసుకుని బస్సెక్కాడు.

*

"ఒక మాట అడగనా?" అన్నాడు స్తంభం. బస్సులో అతను తనంతట తను మాట్లాడటం అదే మొదలు. "వేళ్ళు పోయినప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా?"

పీత మావయ్య వేళాకోళం కాస్త తగ్గింది. "మా బావమరిది ఉన్నాడు. నేను చెత్త తీస్తున్నాను, రంపం ఆగి ఉంది. వాడు చూసుకోకుండా మీట నొక్కాడు."

"ఏమన్నారు మీరు?"

"ఏమీ అనలేదండీ! అదే నేను చేసిన తెలివితక్కువ పని. పోనీలేరా అన్నాను, పెద్దమనిషిలా. మా ఆవిడా ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు. వాడు మా ఇంటికి రావడం మానేశాడు. పెళ్ళిలో కనిపిస్తే స్తంభం చాటుకి పోతాడు."

స్తంభం ఉలిక్కిపడ్డాడు. అవతలాయనకి ఆ పేరు తెలియదు.

"తిట్టి ఉంటే వచ్చేవాడు," అన్నాడు పీత మావయ్య. "ఇవాళ అందుకే పోతున్నాను. దారి పొడుగునా తిట్లు తయారు చేసుకుంటున్నాను, మీరు మధ్యలో మాటల్లో పెట్టారు. వాణ్ణి వాకిట్లో నిలబెట్టి, వీధంతా వినేలా తిట్టి, తరవాత లోపలికెళ్ళి భోంచేస్తాను." కిటికీలోంచి చూసి, "మీరు దిగేది ఇక్కడేనా? మీ అక్కగారు లేచారు. బాగా వాయించండి!"

*

హాల్లో ఏమీ మారలేదు. అతను వేసిన కిటికీ అద్దంలో నుంచి అదే పలకలాంటి ఎండ నేల మీద పడుతోంది. అవతల గోడకి వరసగా ఇనప పెట్టెలు, వాటి ముందు నల్ల చుక్కల కాయితాలు. ఇవతల బల్లలు. బల్లల వెనక నడుమెత్తు చెక్క కటకటా, దాని వెనక బెంచీ. అక్క బెంచీ మీద కూర్చుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, పక్కావిడతో అప్పుడే మొదలెట్టేసింది: "అదుగో, ఆ చివరాయన మా తమ్ముడే. ఆ చెయ్యే, నేను చెప్పింది."

"వేలు ఎలా ఉంది?" అన్నాడు మాస్టారు మెల్లిగా.

చెప్పాల్సిన చోటు అదే. స్తంభం నోరు తెరిచాడు. "బాగానే ఉంది," అంది నోరు. వేలి దగ్గర నేర్చుకుంది కాబోలు.

తొడుగు తీశాడు. పెట్టె తెరిచాడు. గాడిలో పెల్లెట్ లేదనడానికి గుర్తుగా పెట్టే ఎర్ర దారం పిస్టల్లో నుంచి తీసి, మీట లాగాడు. ఈసారి గాడిని తడమలేదు. వంగి, కళ్ళతో చూశాడు. ఖాళీ. పెల్లెట్ పెట్టాడు. మళ్ళీ వంగి చూశాడు. ఉంది. కళ్ళున్నాయి కదా, ఇంకేం భయం అనుకున్నాడు. వెనక నుంచి అక్క గొంతు వినిపిస్తూనే ఉంది, హాలంతా సద్దుమణిగేదాకా.

"మొదలుపెట్టండి," అన్నాడు మాస్టారు.

చెయ్యి చాపాడు. ఆ పేరు తెచ్చిన నిశ్చలత ఇంకా అక్కడే ఉంది, ఇంట్లో మనుషులు పోయినా గడియారం ఆడుతున్నట్టు. నల్ల చుక్క గురిలోకి వచ్చింది. చూస్తూండగానే అది చుక్క కాకుండా పోయింది. నెరిసిన ముడి, ముడి కింద బెత్తెడు చోటు, గాలికి ఊగే నాలుగు వెంట్రుకలు. కాల్చకూడదనుకున్నాడు. గురి సరిగ్గా కుదరకపోతే చెయ్యి దించి మళ్ళీ మొదలుపెట్టమని కదా మాస్టారు చెప్పింది. వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీశాననుకున్నాడు. దించసాగాడు.

ఉఫ్. టప్.

పెల్లెట్ కాయితం దాకా పోలేదు. ఇనప పెట్టెల కింద, గోడ మొదట్లో దిగింది. సున్నం రాలింది. హాల్లో మిగతావాళ్ళెవరూ ఇంకా కాల్చలేదు. అందుచేత ఆ చప్పుడు ఒక్కటే, పూర్తిగా, అందరికీ వినపడింది.

"ఫర్వాలేదు, ఫర్వాలేదు," అన్నాడు మాస్టారు. "చాలా రోజులైంది కదా. ఎవరికీ ఏమీ కాలేదు. మళ్ళీ మొదలుపెట్టండి స్తంభం గారూ."

స్తంభం పిస్టల్ బల్ల మీద పెట్టాడు. మీట తెరిచి, వంగి చూసి, ఎర్ర దారం పెట్టాడు. అప్పుడు వెనక్కి తిరిగాడు.

అక్క లేచి నిలబడి ఉంది. సంచీ కింద పడిపోయింది, ఆవిడ చూసుకోలేదు. కళ్ళు గోడ మొదట్లో ఆ చిల్లు మీద ఉన్నాయి. ఎడంచెయ్యి మెల్లిగా పైకి లేచి, మెడ వెనక్కి పోయి, ముడి కింద ఆగింది.

అతను కటకటా దగ్గరికి నడిచాడు.

"డబ్బా పడిందన్నావు," అంది అక్క. గొంతు పెంచలేదు. పాలు పొంగితే వీధికి వినపడేలా తిట్టే మనిషి.

"అవునక్కా."

"ఆ రోజు పాలు..."

"అవును."

"నేను లేచాను కాబట్టి."

"అవునక్కా. ఖాళీదే అనుకున్నాను. వేలు పెట్టి చూశాను. కుర్చీ బద్ద తెగింది అందుకే."

"ఎలక కొరికిందనుకున్నానురా నేను," అంది అక్క. "బోను కూడా పెట్టాను."

నవ్వు వచ్చే మాటే. ఇంకోరోజైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఆవిడ కటకటా మీదుగా చెయ్యి చాపి, అలవాటుగా, అతని కుడిచెయ్యి అందుకుంది. బొటనవేలు చూపుడు వేలి మీదికి వచ్చింది, రోజూ వచ్చినట్టే. వచ్చి ఆగింది. రుద్దలేదు. వదల్లేదు. పట్టుకున్నది ఏమిటో తెలియనట్టు ఆ వేలి వైపు చూస్తూ ఉండిపోయింది.

తిట్టు అక్కా, అనుకున్నాడు స్తంభం. వీధంతా వినేలా తిట్టు. వాకిట్లో నిలబెట్టి తిట్టు.

ఆవిడ తిట్టలేదు.

వేలి మీద ఆవిడ వేలు ఉందని అతను చూస్తున్నాడు. వేలు మాత్రం అక్కడ ఎవరూ లేరంటోంది. నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మాస్టారు రెండు అడుగులు వేసి ఆగాడు. "పెట్టె..." అన్నాడు. బల్ల మీద పెట్టె తెరిచే ఉంది, పిస్టల్ దాని పక్కన ఉంది, ఎర్ర దారం కొస బయటికి వేలాడుతోంది. స్తంభం వాటి వైపు చూడలేదు. తొడుగు వేసుకోలేదు. బెంచీ పక్క నుంచి, పడిపోయిన సంచీని దాటి, తలుపు దాకా నడిచాడు. తలుపుని ఎడంచేత్తో తోశాడు.

"తమ్ముడూ," అంది వెనక నుంచి అక్క.

బయట ఎండ కాస్తోంది. బస్సు స్టాపు కుడివైపు ఉంది. అతను ఎడమవైపు తిరిగి, రోడ్డు వెంట నడుచుకుంటూ పోయాడు.